ఇసుక పెట్టెలో ప్రాణహిత–గోదావరి లోయ: తయారీ డైరీ

మహారాష్ట్రలో గోదావరి ఒడ్డున ఉన్న సిరోంచలో నాది అద్దాలు, అల్యూమినియం కిటికీల పని. ఇసుకను లాగితే నేల ఎలా చీలుతుందో, ఎలా కుంగుతుందో, కుంగిన చోట రాతిపొరలు ఎలా చేరతాయో చూపించే అద్దాల పెట్టె ఒకటి తయారు చేశాం. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు గోదావరికి ఈ వైపున మేమూ ఆ ఊపు చూశాం. హిమాలయాలు అంత దూరంలో ఉంటే మన కింద కదిలిందేమిటని బడి పిల్లలు అడిగారు. కాగితం మీద గీసిన బొమ్మతో వాళ్ల సందేహం తీరలేదు. మా ఊరున్న ప్రాణహిత–గోదావరి లోయ అలా చీలి, కుంగి, నిండిన నేలే. అందుకే ఈ పెట్టె.

నాకు తోడు మా అక్క కూతురు. డిగ్రీలో భూగర్భశాస్త్రం చదువుతోంది. లెక్కలు తనవి, కోతలు నావి. ఇలాంటిది చేయదలిచినవాళ్లు 1వ దశలో ఏం పనికిరాలేదో చదివి, 2వ దశ నుంచి పని మొదలుపెట్టుకోవచ్చు.

దశ 1: పెట్టె, రబ్బరు షీటు

లోపలి కొలతలు: పొడవు 60 సెం.మీ., వెడల్పు 25, ఎత్తు 25. అడుగున 18 మి.మీ. ప్లైవుడ్, దాని మీద నున్నటి లామినేట్. అడుగు చెక్క 80 సెం.మీ. ఉండాలి, ఎందుకంటే ఒక చివర గోడ బయటికి జరుగుతుంది.

పొడుగు వైపులు రెండింటికీ ముందు ఆక్రిలిక్ షీటు వేశాం. పిల్లల మధ్య పెట్టేది కాబట్టి పగలనిది మేలనుకున్నాం. అది రెండు విధాలా పనికిరాలేదు. ముగ్గు పొడి దానికి పట్టుకుని వదల్లేదు. గుడ్డతో తుడిచేకొద్దీ స్థిర విద్యుత్తు పెరిగి ఇంకా ఎక్కువ పట్టుకుంది. ఇక ఇసుక జారిన చోటల్లా గీతలు. దాన్ని తీసేసి 8 మి.మీ. అద్దం బిగించాం. అంచులు బాగా రుద్ది, మూలలు సిలికాన్‌తో అతికించి, పూర్తిగా ఆరనిచ్చాం.

నేల సాగడం చూపించడానికి అడుగున రబ్బరు షీటు పరిచి, దాని మీద ఇసుక వేసి లాగాం. షీటు 60 నుంచి 66 సెం.మీ.కి సాగింది కానీ, వెడల్పు 25 నుంచి 23.8కి తగ్గింది. రబ్బరు గుణమే అంత, పొడవు పెరిగితే నడుము సన్నబడుతుంది. అద్దం పక్కన వచ్చిన సందులోంచి ఇసుక కిందికి కారిపోయింది. పైగా ఒకే లోయ రావడానికి బదులు, ఇసుక పొడవునా చిన్న చిన్న పగుళ్లు వరసగా వచ్చాయి. అమెరికా పడమట నెవాడా చుట్టూ ఉన్న బేసిన్ అండ్ రేంజ్ ప్రాంతం ఇలాగే ఉంటుంది. అక్కడ నేలంతా కొద్దికొద్దిగా సాగి, కొండ పక్కన లోయ, లోయ పక్కన కొండ. మాకు కావలసింది అది కాదు. చంద్రపూర్ వైపు నుంచి ఆగ్నేయంగా సముద్రం దాకా సాగిన ఒకే ఒక్క పొడుగాటి కుంగుబాటు కావాలి.

ఖర్చు: అద్దం రూ. 360, ప్లైవుడ్ 300, సిలికాన్ 180, ఆక్రిలిక్ 420, రబ్బరు 350.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 1,610.

దశ 2: ఎక్స్‌రే ఫిల్ము, మరచుట్ల రాడ్డు

రబ్బరు తీసేసి పాత ఎక్స్‌రే ఫిల్ము వాడాం. అది సాగదు, మడత పడదు, కాగితమంత పలుచన.

1. ఫిల్మును 24.8 సెం.మీ. వెడల్పుకి కోయండి. 25కి కోస్తే అద్దానికి ఒరుసుకుని అంచు లేస్తుంది.
2. ఒక అంచును కదిలే గోడ అడుగున గట్టి టేపుతో అతికించండి.
3. రెండో అంచు పెట్టె నడిమధ్య ఊరికే పడుకుని ఉండాలి, దేనికీ అతికించొద్దు.
4. పైన ఇసుక వేయండి. గోడను లాగితే ఫిల్ము మీది ఇసుక కదులుతుంది, మిగతా సగం కదలదు. ఆ వదులు అంచు మీదే నేల చీలుతుంది.

చేత్తో లాగితే కుదుపు తప్పదు. కుదిపినప్పుడల్లా ఇసుక సర్దుకుని, సన్నటి పగులు చెదిరిపోయింది. అందుకని 10 మి.మీ. థ్రెడ్ రాడ్డు పెట్టాం. ఒక్క చుట్టు తిప్పితే గోడ సరిగ్గా 1.5 మి.మీ. జరుగుతుంది. చుట్లు లెక్కపెడితే చాలు, స్కేలు అక్కర్లేదు. రాడ్డు మధ్యలో ఒక్కటే కావడంతో గోడ ఒక పక్కకి 4 మి.మీ. వాలింది. రెండు వైపులా సొరుగులకు వేసే చానెళ్లు బిగించాక నిటారుగా జరిగింది.

గోడకీ అద్దానికీ మధ్య సందులో ఇసుక గింజ ఇరుక్కుంటే కీచుమని అద్దం గీసుకుపోతుంది. స్లైడింగ్ కిటికీల్లో వేసే ఊలు పట్టీ గోడ అంచుకి అతికిస్తే ఆ బెడద పోయింది. ఏ అల్యూమినియం షాపులోనైనా ముక్కలు దొరుకుతాయి.

ఖర్చు: రాడ్డు, నట్లు, వాషర్లు రూ. 160, చానెళ్లు 250, ఊలు పట్టీ 30.
మొత్తం: రూ. 2,050.

దశ 3: ఇసుక

ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లకి ఇసుకకి కొదవ లేదు కానీ, నది ఇసుక నేరుగా పనికిరాదు. పైకి పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. లాగితే పగులు రావడానికి బదులు నిలువు గోడలా నిలబడి, ఉన్నట్టుండి పెళ్లలుగా విరిగిపడింది. గింజల మధ్య సన్నటి నీటి పొర వాటిని పట్టి ఉంచుతుంది. ఈ పెట్టె కొలతలో ఆ కొద్దిపాటి పట్టు కూడా చాలా ఎక్కువ. తాడిపత్రి (టార్పాలిన్) మీద ఎండబెట్టి, మధ్యమధ్య తిరగేసి, చేతికి అంటకుండా జారేదాకా ఉంచాలి.

ఎండబెట్టాక ఇంకో చిక్కు. గింజ ముతక, 1.5 మి.మీ. దాకా ఉంది. ఫాల్టు, అంటే నేల విరిగి జారే పగులు, గీతలా రావాలి, అది దాదాపు 2 సెం.మీ. వెడల్పున చెదిరిన పట్టీలా వచ్చింది. ఇసుకలో జారే పట్టీ వెడల్పు గింజ సైజుకి ఇంచుమించు పది, పదిహేను రెట్లు ఉంటుంది. సన్నటి గీత కావాలంటే సన్నటి గింజే కావాలి. రెండు జల్లెళ్లు పట్టి, అర మి.మీ. కన్నా చిన్నవి ఉంచుకున్నాం. అదే ఇసుకలో గీత వెడల్పు 5 మి.మీ.కి దిగింది.

"మామా, బకెట్‌తోని పోసుడు కాదు, జల్లెడతోని కురిపియ్యాలె" అంది మేనకోడలు. తూచి చూశాం. పోసిన ఇసుక లీటరుకి 1.5 కిలోలు తూగింది, కురిపించినది 1.65. గింజలు దగ్గరగా సర్దుకున్న ఇసుకలో పగులు పదునుగా వస్తుంది. 10 సెం.మీ. మందానికి 25 కిలోలు సిద్ధం చేసుకోండి.

రంగులకి హోలీ గులాల్ వాడొద్దు, చెమ్మ పీల్చి ఉండలు కడుతుంది. గోధుమ పిండికి చీమలు పట్టాయి. నిలిచినవి: గచ్చుకి వేసే ఎర్ర ఆక్సైడ్ కలిపిన ఇసుక, ఇటుక పొడి, బొగ్గు పొడి, తెల్ల గీతకి ముగ్గు. ముగ్గు 2 మి.మీ. మించకూడదు. మించితే అది పిండిలా పట్టుకుని, పైన నెర్రెలు విచ్చుతుంది.

ఇసుక ఏ కోణంలో చీలుతుందో ముందే లెక్కకట్టవచ్చు. ఒక చోట మెల్లగా పోస్తే ఏర్పడిన కుప్ప అడుగు వ్యాసం 19.2 సెం.మీ., ఎత్తు 6.2. వాలు 33 డిగ్రీలు. దాంట్లో సగం 45కి కలిపితే 61.5: నేలను లాగినప్పుడు ఫాల్టు ఈ కోణంలో రావాలి. 45 లోంచి తీసేస్తే 28.5: నెట్టినప్పుడు రావాల్సిన కోణం. ఈ రెండు అంకెలూ పెట్టె మీద చాక్‌తో రాసి పెట్టాం.

ఖర్చు: జల్లెళ్లు రూ. 260, ఆక్సైడ్ 90, ముగ్గు 20.
మొత్తం: రూ. 2,420.

దశ 4: లోయ దిగింది

10 సెం.మీ. ఇసుక, ప్రతి 2 సెం.మీ.కి ఒక రంగు గీత.

- 4 చుట్లు (6 మి.మీ.): పైన చెయ్యి అడ్డం పెట్టి పక్క నుంచి టార్చి వేస్తే తప్ప తెలియని సన్న వంపు.
- 6 చుట్లు (9 మి.మీ.): రెండు గీతలు, ఎదురెదురుగా వాలుతూ. పైన వాటి మధ్య దూరం 11.3 సెం.మీ. లెక్క ప్రకారం 10.9 రావాలి.
- 20 చుట్లు (30 మి.మీ.): మధ్య దిమ్మె 25 మి.మీ. దిగింది. ఫాల్టుల వాలు 60 నుంచి 64 డిగ్రీలు.

అద్దం పక్కన గీతలు కొంచెం వంగుతాయి, అద్దం ఇసుకను పట్టి లాగుతుంది కాబట్టి. కొలతలు పెట్టె నడుమ తీసుకోండి.

5 సెం.మీ. ఇసుకతో చేస్తే లోయ వెడల్పు కూడా సగానికి తగ్గింది. అంటే చీలే పొర ఎంత మందమో లోయ వెడల్పు చెబుతుంది. ప్రాణహిత–గోదావరి లోయ వెడల్పు యాభై కిలోమీటర్లకి అటూ ఇటూ. తూర్పు ఆఫ్రికా రిఫ్టు (చీలిక లోయ), జర్మనీలో రైన్ లోయ కూడా ఇదే తరహా వెడల్పులు. ఖండాల కింద భూపటలం (భూమి పైపెంకు) మందం 35, 40 కిలోమీటర్లు. పెట్టెలో 1 సెం.మీ.ని 4 కిలోమీటర్లు అనుకుంటే, 10 సెం.మీ. ఇసుక మొత్తం భూపటలం అవుతుంది, 11 సెం.మీ. లోయ 44 కిలోమీటర్లు అవుతుంది. ఈ పోలిక కుదురుతుందని మేం అనుకోలేదు. అయితే భూపటలం కింది సగం వేడికి మెత్తబడి ఉంటుంది, పొడి ఇసుకలా విరగదు. కాబట్టి దీన్ని మోటు లెక్కగానే తీసుకోండి.

ఈ స్కేలులో రాడ్డు ఒక చుట్టు అంటే 600 మీటర్లు. భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోసే భూమి పైపెంకు ముక్క, ఇప్పుడు ఏడాదికి 5 సెం.మీ. చొప్పున ఈశాన్య దిశగా కదులుతోంది. ఆ వేగంతో ఒక చుట్టుకి 12 వేల ఏళ్లు. ఖండం లోపల నేల సాగేది అంతకన్నా చాలా మెల్లగా. ఏడాదికి 1 మి.మీ. అనుకుంటే ఒక చుట్టుకి 6 లక్షల ఏళ్లు. పిల్లలు హ్యాండిల్ గబగబా తిప్పేస్తారు. ఒక్కో చుట్టుకీ ఆపి ఈ లెక్క చెప్పించాలి.

దశ 5: గుంతను నింపడం

ఖాళీ గుంత మా నేల కాదు. సిరోంచలో నిలబడితే లోయ కనిపించదు, చదునుగా ఉంటుంది. కుంగినంత మేరా నదులు తెచ్చి నింపాయి. అలా నిండిన పొరల మందం మూడు కిలోమీటర్లు దాటుతుంది. కాబట్టి ప్రతి రెండు చుట్లకీ ఆపి, దిగినంత మేరా కొత్త ఇసుక కురిపించాం. వరస ఇది:

1. అడుగున జల్లించని ఇసుక, గులకరాళ్లతో కలిపి. ఇది తాల్చీర్ పొర. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట గోండ్వానా అనే పాత మహాఖండంలో భాగంగా భారత భూమి దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండి, మంచు పలకల కింద ఉండేది. చంద్రపూర్‌కి పడమర ఇరై దగ్గర సున్నపురాయి మీద ఆ మంచు గీసిన చారలను 19వ శతాబ్దంలోనే గుర్తించారు.
2. బొగ్గు పొడి: బరాకర్ పొర, సింగరేణి బొగ్గు.
3. ఎర్ర ఇసుక: మలేరి ఎర్రమట్టి.
4. పైన సన్నటి ముగ్గు: కోట సున్నపురాయి. సిరోంచ తాలూకాలోని కోట ఊరి పేరే ఆ పొరకి పెట్టారు.

బొగ్గు పొర 1 సెం.మీ. వేస్తే పాడైంది. బొగ్గు పొడి తేలిక, జారుడు. దాని గుండా వెళ్లాల్సిన ఫాల్టు దాని వెంబడి పక్కకి పాకింది, గీత మసిలా సాగిపోయింది. నాలుగు పాళ్ల ఇసుకకి ఒక పాలు బొగ్గు కలిపి 3 మి.మీ. వేస్తే నిలిచింది.

ఆ తర్వాత చేసిన పని చాలా చిన్నది, నాకు అన్నిటికన్నా నచ్చింది. బొగ్గు పొర లోయలోనే కాకుండా రెండు ఒడ్ల మీదా పరిచి, ఇంకో ఆరు చుట్లు తిప్పి, అద్దాలు తుడిచే వైపర్‌తో పైభాగం అంతా సమంగా గీకేశాం. వానలు, నదులు చేసే కోత అది. ఒడ్ల మీది బొగ్గు వైపర్‌తో పాటు పోయింది. దిగిన దిమ్మెలో బొగ్గు మాత్రం వైపర్‌కి అందకుండా భద్రంగా ఉండిపోయింది. పైనుంచి చూస్తే తెల్ల ఇసుక మధ్య ఒక పొడుగాటి పట్టీ. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం గనులు పటంలో ఒకే వరసలో ఎందుకున్నాయో పక్కనే నిలబడ్డ పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే వేలు పెట్టి చూపించాడు. "సార్, గది కిందికి దిగింది గావట్టే మిగిలింది" అన్నాడు.

సిరోంచ తాలూకాలోని పోచంపల్లి దగ్గర బరాపాసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరకడానికీ ఇదే కారణం. 1961లో ఎక్కువ భాగం తవ్వి తీశారు, 1975లో కొత్త డైనోసార్‌గా ప్రకటించారు. కోట పొరలోనే, ఒకే చోట కనీసం ఆరు జంతువుల ఎముకలు, వాటితో పాటు పెద్ద పెద్ద చెట్ల మొద్దులు. ఒక్కో జంతువు 14 మీటర్ల దాకా పొడవు. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టి ఉంది. ఒడ్డు మీద చచ్చిన జంతువు ఎండకీ వానకీ పోతుంది. కుంగే నేలలో చచ్చినదాని మీద మట్టి పేరుకుంటూనే ఉంటుంది. సిరోంచ తాలూకాలోనే వడదంలో చెట్లు రాళ్లయి మిగిలింది కూడా అందుకే.

ఈ దశలో కొత్త ఖర్చు లేదు.

దశ 6: వంపు దిమ్మె

నింపిన లోయలో పొరలన్నీ సమతలంగా ఉన్నాయి. ఇది మా నేలకి సరిపోలేదు. వాగు ఒడ్డున తేలిన ఇసుకరాతి మీద ఫోన్ పెట్టి కొలిస్తే పొర 7 డిగ్రీలు ఈశాన్యం వైపు వాలి ఉంది. మంచిర్యాల నుంచి చెన్నూరు మీదుగా ప్రాణహిత దాటి సిరోంచ వచ్చే దారిలో బొగ్గు పొరల దగ్గర మొదలై, రానురాను కొత్త పొరలు తగులుతాయి: యెర్రపల్లి, భీమారం, మలేరి, చివరికి కోట. ప్లైవుడ్ తేవడానికి ఏళ్లుగా తిరుగుతున్న ఆ దారి మీద పది కోట్ల ఏళ్లు దాటుతున్నామని ఈ పని మొదలుపెట్టాకే తెలిసింది. పొరలు ఒక పక్కకి వాలకపోతే వరస అలా రాదు. లోయ ఈశాన్యపు అంచున అహేరి పేరుతో పెద్ద ఫాల్టు ఉంది. నేల రెండు పక్కలా సమంగా దిగలేదు, ఆ పక్క ఎక్కువ దిగింది.

ముందు 60 డిగ్రీలకి తిన్నగా కోసిన చెక్క దిమ్మె కదలని గోడ పక్కన పెట్టాం. ఇసుక దాని మీదుగా జారింది, కానీ దిమ్మె అడుగుకి చేరేచోట మలుపు కటువుగా ఉండటంతో అక్కడి నుంచి ఎదురు పగులు ఒకటి లేచి, మళ్లీ రెండు పక్కల లోయే వచ్చింది. వడ్రంగి అన్నతో కొత్త దిమ్మె చేయించాం: పైన 60 డిగ్రీలు, కిందికి పోనుపోను పడుకుంటూ చివర చదును. ఫిల్మును ఆ వంపు మీద దాకా పరిచాం.

ఈసారి పొరలు వాలాయి. అడుగు పొర 9 డిగ్రీలు, మధ్యది 6, పైది 3. ముందు పడిన పొర ఎక్కువ కాలం కుంగింది కాబట్టి ఎక్కువ వాలింది. పెద్ద ఫాల్టు పక్కన పొరలు మందం, దూరం పోయేకొద్దీ పలుచన.

లోపల చూడాలంటే కోయాలి:

1. పైన పాత చీర ముక్క పరచండి. నేరుగా నీళ్లు పోస్తే గుంటలు పడతాయి.
2. స్ప్రే సీసాతో గుడ్డ మీద మెల్లగా తడపండి. అడుగు దాకా చెమ్మ దిగేవరకు ఆగండి.
3. పలుచటి రేకు నిలువుగా దించి, ఒక పక్క ఇసుకను తాపీతో తీసేయండి.
4. కోణాలు వెంటనే కొలవండి. ఆరితే అంచు రాలుతుంది.

ఖర్చు: దిమ్మె కూలీ రూ. 300, స్ప్రే సీసా 60.
మొత్తం: రూ. 2,780.

దశ 7: వెనక్కి తిప్పడం

భారత ఫలకం 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా నుంచి, దాదాపు 9 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ నుంచి విడిపోయి, ఉత్తరానికి సాగి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను గుద్దుకుంది. అప్పటి నుంచి నేల మీద లాగుడు కాదు, నెట్టుడు. హ్యాండిల్ వెనక్కి తిప్పితే అదే.

మధ్యలో చీల్చిన మామూలు లోయలో 61 డిగ్రీల ఫాల్టులు వెనక్కి జారడానికి మొండికేశాయి. వాటిని వదిలేసి 26 నుంచి 31 డిగ్రీల కొత్త ఫాల్టులు వచ్చాయి, కొండ లేచింది. చాక్‌తో రాసిన 28.5కి దగ్గరే. వంపు దిమ్మె పెట్టిన లోయలో మాత్రం ఇసుక పాత దారినే పట్టుకుని వెనక్కి ఎక్కింది, కింద చదునుగా సిద్ధంగా ఉంది కాబట్టి.

పిల్లలు మొదట అడిగినదానికి ఇక్కడే చూపించగలిగాం. ఆసియాకి ఆనుకున్న చోట మొదలైన ఒత్తిడి ఫలకం అంతటా ఉంటుంది. ఎప్పుడో విరిగి నిండిన చోట పాత ఫాల్టులు అప్పుడప్పుడూ కొద్దిగా జరుగుతాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం కూడా ఈ లోయలోనిదే. ఎప్పుడు జరుగుతాయన్నది మాత్రం ఈ పెట్టె చెప్పదు. ఇసుక మెల్లగా జారుతుంది, రాయిలా బిగుసుకుని ఒక్కసారిగా తెగదు. ఈ తేడా చూసేవాళ్లకి తప్పక చెప్పండి.

దశ 8: పెట్టె కింద ఏముంది

అదే స్కేలులో భూమి కేంద్రం దాకా వెళ్తే ఎంతవుతుందని మేనకోడలు లెక్క వేసింది. 6,371 కి.మీ. అంటే 16 మీటర్లు. షాపు ముందు 16 మీటర్ల తాడు పరిచి గుర్తులు కట్టాం: మొదటి 10 సెం.మీ. భూపటలం, సముద్రాల కింద అయితే 2 సెం.మీ. కూడా ఉండదు. 7.2 మీటర్ల దాకా మాంటిల్. అక్కడి నుంచి 12.9 మీటర్ల దాకా ద్రవంగా ఉన్న బయటి కోర్, ఆ తర్వాత గట్టి లోపలి కోర్. మాంటిల్ రాయే, కానీ వేడికి కోట్ల ఏళ్ల మీద మెల్లగా పొర్లుతుంది. పైనున్న ఫలకాల కదలిక దాంతో ముడిపడినదే. తాడు పరవడానికి చోటు లేకపోతే ఈ దశ వదిలేయొచ్చు, పెట్టె పనికి అడ్డం రాదు.

చేయబోయేవాళ్లకి

ఆక్రిలిక్, రబ్బరు కొనకపోతే రూ. 2,010లో అయిపోతుంది. వానాకాలంలో ఇసుకను మూత బిగుతుగా ఉన్న డ్రమ్ములో పెట్టండి, వాడే ముందు మళ్లీ ఎండబెట్టండి. కోసి చూసిన ఇసుకలో రంగులు కలిసిపోతాయి కాబట్టి, దాన్ని అడుగు పొరకి మాత్రమే వాడుకోండి. చిన్న పిల్లలున్న చోట అద్దానికి బయట వైపు పారదర్శకమైన సేఫ్టీ ఫిల్ము అతికించండి.

మేం ఇంకా చేయాల్సింది అడుగున మెత్తటి పొర. లోపలి భూపటలంలా నెమ్మదిగా పారే సిలికాన్ పుట్టీ 2 సెం.మీ. వేసి, పైన 8 సెం.మీ. ఇసుకతో మళ్లీ లాగాలి. లోయ వెడల్పు 11.3 దగ్గరే ఉంటుందా, మారుతుందా అన్నది కొలిచి ఇక్కడే రాస్తాం.